తుఫానుకి పనికొచ్చే హామ్ లైసెన్సు: రెస్ట్రిక్టెడా, జనరలా, రెండూ కాదా?

హామ్ అంటే వ్యాపారం కోసం కాకుండా సరదాగా నడుపుకునే అమెచ్యూర్ రేడియో. దాని లైసెన్సు గురించి అడిగేవాళ్లు మామూలుగా ఒకే గుక్కలో రెండు ప్రశ్నలు వేస్తారు. "రెస్ట్రిక్టెడ్ రాయాలా, జనరల్ రాయాలా?" అన్నది ఒకటి, ఆ రెండూ లైసెన్సులో కింది మెట్టు, పై మెట్టు. "తుఫానొచ్చి సెల్ టవర్లు పోతే ఇది పనికొస్తుందా?" అన్నది రెండోది. మొదటిదానికి జవాబు సిలబస్‌లో దొరుకుతుంది, రెండోదానికి దొరకదు. అందుకే లైసెన్సుకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించినవాళ్లు కూడా, కరెంటు పోయిన రోజున వీధిలో అందరిలాగే ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం మేడ మీద తిరుగుతుంటారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా కోస్తాలో ఎక్కడున్నా సరే, ఇప్పటిదాకా రేడియో ముట్టనివాళ్లు రెస్ట్రిక్టెడ్ రాసేయండి. చుక్కలూ గీతల శబ్దాలతో అక్షరాలు పంపే మోర్స్ నేర్చుకున్నాక జనరల్‌కి వెళ్లొచ్చు, దానికోసం రెండేళ్లు ఆగాల్సిన పనిలేదు. లైసెన్సు చేతికొచ్చాక మొదటి ఖర్చు మాత్రం చేతిలో పట్టుకునే హ్యాండీ మీద కాకుండా హెచ్‌ఎఫ్ మీద, అంటే షార్ట్‌వేవ్ బ్యాండ్లలో పనిచేసే సెట్టు మీద పెట్టండి. ఎందుకో చెబుతాను. కొందరికి హామ్ అసలు సరైన దారే కాదు, వాళ్ల సంగతీ వస్తుంది.

రెండు గ్రేడ్ల మధ్య అసలు తేడా

మన దేశంలో హామ్ రేడియో 1978 నాటి అమెచ్యూర్ సర్వీస్ నిబంధనల మీద నడుస్తూ వచ్చింది. మధ్యమధ్యలో సవరణలు జరిగాయి. ఒకప్పుడు గ్రేడ్ వన్, గ్రేడ్ టూ అంటూ ఇంకా ఎక్కువ మెట్లుండేవి, 2009 సవరణల తర్వాత రెస్ట్రిక్టెడ్, జనరల్ అనే రెండే మిగిలాయి. పరీక్ష పెట్టేదీ లైసెన్సు ఇచ్చేదీ టెలికాం శాఖ కింద ఉండే డబ్ల్యూపీసీ విభాగం. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో చేసుకోవాలి. పన్నెండేళ్లు నిండితే చాలు, డిగ్రీలతో పనిలేదు. పాసై లైసెన్సు వస్తే రెస్ట్రిక్టెడ్‌కి వీయూ3తో, జనరల్‌కి వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే గాలిలో మిమ్మల్ని గుర్తుపట్టే పేరు, ఇస్తారు. లైసెన్సు 20 ఏళ్లకైనా తీసుకోవచ్చు, జీవితకాలానికైనా తీసుకోవచ్చు. ఫీజు చూసి వెనక్కి తగ్గాల్సినంత ఏమీ ఉండదు.

రాత పరీక్షలో రేడియో సిద్ధాంతం ఒక భాగం, నిబంధనలు ఇంకో భాగం. ఒకదాంట్లో దంచేసి రెండోదాన్ని వదిలేస్తే కుదరదు, రెండింటిలోనూ విడివిడిగా గట్టెక్కాలి. రెస్ట్రిక్టెడ్‌కి ఇంటర్ ఫిజిక్సులోని కరెంటు, అయస్కాంతత్వం పాఠాలు గుర్తున్నవాళ్లు నెలా రెండు నెలల్లో తయారైపోవచ్చు. జనరల్ సిలబస్ అంతకంటే లోతు. దానికితోడు మోర్స్ ఉంటుంది, నిమిషానికి ఎనిమిది పదాల వేగంతో వినాలి, పంపాలి. ఒక పదానికి ఐదు అక్షరాలని లెక్క, అంటే నిమిషానికి నలభై అక్షరాలు, అక్షరానికి సెకనున్నర. పెద్ద వేగమేమీ కాదుగానీ, చుక్కలూ గీతల చార్టు ముందేసుకుని బట్టీపట్టినవాళ్లు సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. బుర్రలో చార్టు వెతుక్కునేలోపు తర్వాతి అక్షరం వెళ్లిపోతుంది. చెవితోనే నేర్చుకోవాలి, ఒక్కో అక్షరాన్నీ మొదటినుంచే గబగబా వినిపించే యాప్ ఒకటి పెట్టుకుని రోజూ ఇరవై నిమిషాలు కూర్చోవాలి.

ఈ మోర్స్ షరతు ప్రపంచమంతా లేదు. 2003లో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం దాన్ని ఆయా దేశాల ఇష్టానికి వదిలేసింది. అమెరికా 2007 ఫిబ్రవరిలో ఎత్తేసింది. మన దగ్గర జనరల్ గ్రేడ్ నిబంధనల్లో కొనసాగింది. నిబంధనలు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసే రోజున పోర్టల్‌లో ఏ నోటీసు ఉంటే దాన్నే ప్రమాణంగా తీసుకోండి, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పాత పీడీఎఫ్‌లను కాదు.

ఇక పవరు. రెస్ట్రిక్టెడ్‌కి 50 వాట్లు, జనరల్‌కి 400 వాట్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టగానే చాలామందికి 50 చిన్నబోయినట్టు కనిపిస్తుంది. లెక్క వేస్తే విషయం వేరు. ఎనిమిది రెట్లు పవరంటే తొమ్మిది డెసిబెల్స్. అవతలివాడి సెట్టులో సిగ్నల్ చూపించే మీటరు మీద ఒక్కో అంకెకీ ఆరు డెసిబెల్స్. అంటే మీరు ఎనిమిది రెట్లు పవరు పెంచితే అక్కడ ముల్లు కదిలేది ఒకటిన్నర అంకె. కొన్నిసార్లు ఆ ఒకటిన్నరే ప్రాణం పోస్తుంది, కాదనను. కానీ యాంటెన్నా సరిగ్గా కట్టకపోతే పోయేది అంతకంటే ఎక్కువ. 400 వాట్ల యాంప్లిఫయరు మీద పెట్టే డబ్బుతో రెండు మంచి యాంటెన్నాలూ, ఒక బ్యాటరీ వస్తాయి.

నాకు పవరుకంటే ముఖ్యంగా కనిపించే తేడా వేరే ఉంది. రెస్ట్రిక్టెడ్ వాళ్లు హెచ్‌ఎఫ్ బ్యాండ్లలో ప్రధానంగా మాటకే పరిమితం. మోర్స్, డిజిటల్ పద్ధతులు, రేడియో మీద ఈమెయిల్ పంపే విన్‌లింక్ లాంటివి కావాలంటే జనరల్ ఉండాలి. సహాయ శిబిరం నుంచి రెండొందల పేర్ల జాబితా పంపాల్సి వస్తే నోటితో చదవడం ఎంత నరకమో ఊహించుకోండి. విన్‌లింక్‌లో అది ఒక అటాచ్‌మెంట్. కాబట్టి విపత్తు పనిలో సీరియస్‌గా దిగాలనుకునేవాళ్లకి జనరల్ అవసరమే, కాకపోతే రెండో మెట్టుగా.

తుఫాను రోజున ఏ బ్యాండు మాట వింటుంది

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీదికి వచ్చినప్పుడు కరెంటు స్తంభాలతోపాటు సెల్ టవర్లూ మూగబోయాయి. నగరానికి కరెంటు పూర్తిగా రావడానికి రోజులు పట్టింది. టవరు నిలబడి ఉన్నా దాని బ్యాటరీ కొన్ని గంటలే, తర్వాత డీజిల్ జనరేటరు. రోడ్ల మీద చెట్లు పడి డీజిల్ బండి రాకపోతే అదీ ఆగిపోతుంది. హామ్ రేడియోకి చోటు దొరికేది ఆ ఖాళీలోనే. మొదటి ఒకటి రెండు రోజులు.

ఆ ఒకటి రెండు రోజుల్లో చేతిలో హ్యాండీ ఉంటే ఏం చేయగలరు? హ్యాండీ వాడే వీహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు చూపు ఆనినంత దూరమే పోతాయి. నేల మీద నిలబడ్డ ఇద్దరు మనుషుల మధ్య, అడ్డమేమీ లేని సముద్రం లాంటి చదునులో, లెక్క ప్రకారం పది కిలోమీటర్లు. ఊళ్లో ఇళ్లూ చెట్లూ మధ్యనుంటే అందులో సగం కూడా రాదు, అపార్ట్‌మెంట్ల మధ్య రెండు మూడు కిలోమీటర్లు వస్తే సంతోషించాలి. అదే ఇద్దరూ పది మీటర్ల ఎత్తున మేడ మీద చిన్న యాంటెన్నాలు కట్టుకుంటే లెక్క పాతిక కిలోమీటర్లకు పెరుగుతుంది. పక్క మండలం అందుతుంది. అందుకున్న సిగ్నల్‌ని మళ్లీ బలంగా పంపే రిపీటరు ఉంటే ఇంకా దూరం పోవచ్చుగానీ, రిపీటరు కూడా ఎక్కడో ఒక ఎత్తైన భవనం మీద బ్యాటరీతో నడిచేదే. సెల్ టవరుకి పట్టిన గతే దానికీ పట్టొచ్చు.

హెచ్‌ఎఫ్ సంగతి వేరు. 7 మెగాహెర్ట్జ్ దగ్గరి నలభై మీటర్ల (తరంగం పొడవు) బ్యాండులో, నేలకు దగ్గరగా కట్టిన తీగ యాంటెన్నా నుంచి తరంగాలు దాదాపు నిట్టనిలువుగా పైకి వెళ్లి, పైన వాతావరణంలో ఉండే అయానోస్పియర్ అనే పొరకి తగిలి, చుట్టూ మూడు నాలుగొందల కిలోమీటర్ల మేర కిందికి దిగుతాయి. కొండ అడ్డొచ్చినా, మధ్యలో టవరు లేకపోయినా ఫరవాలేదు. పగటిపూట విశాఖ నుంచి విజయవాడకి మాట్లాడటానికి ఈ పద్ధతిలో 50 వాట్లు ఎక్కువే. రాత్రయ్యేసరికి నలభై మీటర్ల బ్యాండు దగ్గరివాళ్లని దాటేసి దూరంగా పోతుంది, అప్పుడు 3.5 మెగాహెర్ట్జ్ పైనున్న ఎనభై మీటర్ల బ్యాండుకి దిగాలి. రెస్ట్రిక్టెడ్ లైసెన్సులో ఈ రెండు బ్యాండ్లూ ఉన్నాయి. మొదటి సెట్టు హెచ్‌ఎఫ్ కొనమన్నది ఇందుకే.

అండమాన్ కథ తెలుగువాళ్లు గుర్తుంచుకోవాల్సింది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకి చెందిన భారతి ప్రసాద్, ఆమె బృందం 2004 డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. వెళ్లింది విపత్తు పనికి కాదు. ఏళ్ల తరబడి హామ్ రేడియో మోగని ద్వీపాల నుంచి వీయూ4ఆర్‌బీఐ అనే కాల్‌సైన్‌తో ప్రపంచంతో మాట్లాడటానికి. డిసెంబరు 26 ఉదయం భూకంపం, సునామీ వచ్చాయి, మామూలు ఫోన్లు పోయాయి. ఆ స్టేషన్ అప్పటికప్పుడు ఎమర్జెన్సీ స్టేషన్‌గా మారిపోయి ద్వీపాలకీ మెయిన్‌ల్యాండ్‌కీ మధ్య కబుర్లు చేరవేసింది. అక్కడ యాంటెన్నాలు అప్పటికే కట్టి ఉన్నాయి, మనుషులు రోజుకి గంటల కొద్దీ మైకు ముందు కూర్చుని చేయి తిరిగి ఉన్నారు, అవతల వినేవాళ్లూ సిద్ధంగా ఉన్నారు. డబ్బాలోంచి కొత్త సెట్టు తీసి మాన్యువల్ చదువుతూ మొదలుపెట్టి ఉంటే కథ ఇలా ఉండేది కాదు.

తీగ, బ్యాటరీ

7.1 మెగాహెర్ట్జ్‌కి డైపోల్, అంటే రెండు పక్కలా తీగ చాచిన యాంటెన్నా, కట్టడం అంత తేలికైన పని ఇంకోటి లేదు. 143ని 7.1తో భాగిస్తే ఇరవై మీటర్ల చిల్లర. రెండు పక్కలా పది మీటర్ల చొప్పున తీగ, మధ్యలో కోయాక్సియల్ కేబులు. మధ్య భాగాన్ని మేడ మీద ఆరేడు మీటర్ల జీఐ పైపుకో, గట్టి వెదురుకో ఎత్తి కట్టి, రెండు కొసలనీ తాళ్లతో కిందికి లాగి బిగిస్తే సరి. పైన చెప్పినట్టు ఇది ఎత్తులో ఉండకపోవడమే మనకి మేలు. ఎనభై మీటర్ల బ్యాండుకి ఇదే లెక్కలో దాదాపు నలభై మీటర్ల తీగ కావాలి, పల్లెల్లో పెరడు ఉన్నవాళ్లకి ఇబ్బంది లేదు, సిటీలో మేడ చాలక వంచి కట్టుకోవాలి. ఏది కట్టినా కరెంటు లైన్లకి ఆమడ దూరంలో ఉండాలి. తీగ తెగి పడినా లైను మీద పడని చోటు చూసుకోండి. ఇందులో సర్దుబాట్లు లేవు.

తుఫాను తీరం దాటే ముందు యాంటెన్నా కిందికి దించేసి చుట్టి లోపల పెట్టుకోవాలి. గాలి తగ్గాక పది నిమిషాల్లో మళ్లీ ఎత్తాలి. పైపుని మేకుల్తో శాశ్వతంగా బిగించేసినవాళ్లకంటే, తాళ్లతో దించి ఎత్తేలా కట్టుకున్నవాళ్లే ఆ రోజు ముందు గాలిలోకి వస్తారు.

బ్యాటరీ విషయంలో మన ఇళ్లు అదృష్టం చేసుకున్నాయి. ఇన్వర్టరు కింద కూర్చున్న 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ 12 వోల్టులది. హెచ్‌ఎఫ్ సెట్లు చాలావరకు 13.8 వోల్టుల డీసీతో నడిచేవే, సరైన ఫ్యూజు పెట్టి నేరుగా తగిలించొచ్చు. 100 వాట్ల సెట్టుని 50 వాట్లకి దించి వాడుతూ, పావు వంతు సమయం మాట్లాడుతూ మిగతాది వింటూ ఉంటే సగటున రెండు ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. బ్యాటరీలో సగమే వాడుకున్నా ఒక రోజు పైనే నడుస్తుంది. ఉత్తినే వింటూ కూర్చుంటే దాదాపు మూడు రోజులు. షరతు ఒక్కటే, అదే బ్యాటరీ మీద ఇంట్లో రెండు ఫ్యాన్లు, టీవీ నడవకూడదు. పిల్లలు చెమటలు కక్కుతుంటే ఆ మాట ఇంట్లో చెప్పి ఒప్పించడం 8 పదాల మోర్స్ కంటే కష్టం, కాబట్టి వీలైతే రేడియోకి వేరే బ్యాటరీ, దానికి చిన్న సోలార్ ప్యానెల్ పెట్టుకోండి. వోల్టేజీ పదకొండున్నర దగ్గరికి పడిపోతే సెట్టు పిచ్చిపిచ్చిగా చేస్తుంది, మాట వణుకుతుంది, దాన్నిబట్టి బ్యాటరీ అయిపోవచ్చిందని తెలుసుకోవచ్చు.

మామూలు రోజుల్లో సిటీలో హెచ్‌ఎఫ్ అంటే చవక ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్లు కలిసి చేసే బరబర. ఊరంతా కరెంటు పోయిన రోజున అదంతా ఆగిపోతుంది. విశాఖలో మామూలుగా వినబడని సన్నటి సిగ్నళ్లు కూడా ఆ రోజు తేటగా వినిపిస్తాయి.

లైసెన్సు అక్కర్లేని దారులు

ఇక్కడికి వచ్చేసరికి "ఇంత గొడవ నాకెందుకు, వాకీటాకీలు కొనేస్తాను" అనుకునేవాళ్లుంటారు. అది చెడ్డ ఆలోచన కాదు, ఏది కొంటున్నారన్నదే తేడా. మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ పవరుతో నడిచే వాకీటాకీలకి లైసెన్సు అక్కర్లేదు, వాటికి టెలికాం శాఖ అనుమతి ఉండాలంతే. 27 మెగాహెర్ట్జ్ దగ్గర ఐదు వాట్ల సిటిజన్ బ్యాండు కూడా లైసెన్సు లేనిదే. ఆన్‌లైన్‌లో కనిపించే హ్యాండీలన్నీ ఈ కోవలోకి రావు. ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో, లైసెన్సు కావాలో లేదో చెప్పకుండా అమ్మడం ఎక్కువైపోయి, 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రత్యేకంగా మార్గదర్శకాలు జారీ చేయాల్సి వచ్చింది. "హామ్ వాళ్లు వాడే మోడలే కదా" అని లైసెన్సు లేకుండా కొని ఇంట్లో పెట్టుకోవడం నేరం కిందికే వస్తుంది. విపత్తు కోసం దాచుకున్నానంటే ఎవరూ వినరు.

ఒకే కాలనీలో, ఒకే అపార్ట్‌మెంటులో పది కుటుంబాలు ఒకరినొకరు కనుక్కోవడానికి 446 వాకీటాకీలు చక్కగా సరిపోతాయి. అక్కడ హామ్ లైసెన్సు పట్టుకొచ్చి చేసే ఘనకార్యం ఏమీ లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్ నగర్‌ని ముంచినప్పుడు పై అంతస్తుల్లో చిక్కుకున్నవాళ్లకి ముందు కావాల్సింది మంచినీళ్లు, ఆ తర్వాత ఫోన్‌కి చార్జింగు. నిండుగా ఉన్న రెండు పవర్‌బ్యాంకులు అలాంటి చోట లక్ష రూపాయల సెట్టు కంటే నయం.

కుర్రాళ్లు ఈమధ్య మెష్‌టాస్టిక్ అని ఇంకోటి వాడుతున్నారు. 865–868 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేని బ్యాండులో లోరా అనే తక్కువ పవరు రేడియో పద్ధతి వాడే అరచేయంత బోర్డులు ఒకదాన్నుంచి ఒకటి అందుకుంటూ చిన్న టెక్స్ట్ మెసేజీలు చేరవేస్తాయి. ఫోన్‌కి బ్లూటూత్‌తో తగిలించుకోవచ్చు, బ్యాటరీ రోజుల తరబడి వస్తుంది. మాట వెళ్లదు, ఫొటో వెళ్లదు. మధ్యలో ఎత్తు మేడల మీద నాలుగైదు బోర్డులు పెట్టేవాళ్లుంటే తప్ప ఊరు దాటదు. హైదరాబాద్ లాంటి చోట ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలకి సరదాగానూ ఉంటుంది, పనికీ వస్తుంది. శ్రీకాకుళం పల్లెలో ఒక్కడే పెట్టుకుంటే మాట్లాడటానికి అవతల ఎవరూ ఉండరు.

శాటిలైట్ ఫోన్ గురించి ఒక్క ముక్క. మన దేశంలో ప్రభుత్వ అనుమతితో, బీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా వచ్చే ఇన్‌మార్‌శాట్ సేవ తప్ప మామూలు మనిషి విదేశాల నుంచి తురాయా, ఇరిడియం ఫోన్లు తెచ్చుకుని వాడకూడదు. గల్ఫ్ నుంచి వచ్చే చుట్టం బహుమతిగా తెస్తానన్నా వద్దనండి, ఎయిర్‌పోర్టులోనే కేసు అవుతుంది.

వేటకి వెళ్లే మత్స్యకారులకి హామ్ వద్దు. వాళ్లకి కావాల్సింది సముద్రం మీద వాడటానికే కేటాయించిన మెరైన్ వీహెచ్‌ఎఫ్, శాటిలైట్ ద్వారా హెచ్చరికలు అందించే పరికరాలు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సముద్ర హెచ్చరికలు ఇచ్చేది ఆ దారుల్లోనే. అలాగే ఫ్యాక్టరీలూ, సెక్యూరిటీ ఏజెన్సీలూ, పెద్ద స్వచ్ఛంద సంస్థలూ రోజువారీ పనికి హామ్ వాడటం కుదరదు. హామ్ మీద వ్యాపారం మాట్లాడకూడదు, రహస్య కోడ్‌లో మాట్లాడకూడదు. వాళ్లు సొంత నెట్‌వర్కుకి వేరే లైసెన్సు తీసుకోవాలి.

అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకి

డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్నవాళ్లకి పని చాలా తేలిక. ప్రశ్నల బ్యాంకు మొత్తం ముందే బయట పెడతారు. అక్కడి మూడు మెట్లలో మొదటిదైన టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలకి 26 కరెక్టయితే పాస్, జనరల్‌కీ అదే లెక్క, ఎక్స్‌ట్రాకి 50కి 37. మోర్స్ లేదు, లైసెన్సు ఫీజు 35 డాలర్లు. పౌరసత్వం అడగరు, విదేశీ ప్రభుత్వ ప్రతినిధి కాకపోతే చాలు. హెచ్‌1బీ మీద ఉన్నా రాయొచ్చు.

ఇక్కడ నా సలహా ఇండియాకి ఇచ్చినదానికి తిరగబడుతుంది. టెక్నీషియన్ దగ్గర ఆగకండి, ఒకే సిట్టింగులో జనరల్ కూడా రాసేయండి. టెక్నీషియన్‌కి హెచ్‌ఎఫ్‌లో మాట్లాడే అవకాశం 28.3 నుంచి 28.5 మెగాహెర్ట్జ్ మధ్య ఆ చిన్న ముక్కే. నలభై మీటర్ల మీద మాట్లాడాలంటే జనరల్ తప్పదు, పైగా అక్కడ ఆపడానికి మోర్స్ కూడా లేదు. 2024 జులైలో బెరిల్ హరికేన్ హ్యూస్టన్ ప్రాంతంలో ఇరవై లక్షల పైచిలుకు కనెక్షన్లకి కరెంటు పోగొట్టింది. అలాంటప్పుడు హరికేన్ వాచ్ నెట్ (నెట్ అంటే ఒకే ఫ్రీక్వెన్సీ మీద చాలామంది హామ్‌లు కలిసే కూటమి) 14.325 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, అందులో గొంతు కలపాలన్నా జనరలే కావాలి.

"అక్కడ లైసెన్సు తీసుకుంటే ఊళ్లో అమ్మానాన్నలతో రేడియోలో మాట్లాడొచ్చా?" అంటే, మాట్లాడలేరు. వాళ్లకీ లైసెన్సు ఉండాలి. మధ్యలో ఒక హామ్ వాళ్ల తరఫున కబురు చెప్పడానికి రెండు దేశాల మధ్య ఒప్పందం కావాలి, అమెరికాకి అలాంటి ఒప్పందమున్న దేశాల జాబితాలో ఇండియా లేదు. సెలవుకి ఊరొచ్చినప్పుడు అమెరికా లైసెన్సు చూపించి ఇక్కడ ట్రాన్స్‌మిట్ చేయడమూ కుదరదు, ఇక్కడి అనుమతి ముందే తీసుకోవాలి.

బ్రిటన్‌లో ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫుల్ అని మూడు మెట్లు. 2024 ఫిబ్రవరి నుంచి ఫౌండేషన్ పవరు 10 నుంచి 25 వాట్లకి పెంచారు. హెచ్‌ఎఫ్ మీద మాట అందులోనే ఉంది కాబట్టి మొదలుపెట్టడానికి అది చాలు. విపత్తు పనికి రేనెట్ అనే సంస్థ ఉంది, అందులో చేరండి.

పరీక్షలో అడగనివి

మళ్లీ మన దగ్గరికి. ఏ గ్రేడు రాసినా, కబురు చేరవేయడం ఎలాగో ఆ పరీక్ష నేర్పదు. తుఫాను వేళ రేడియోలో అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా చేరదు, కాబట్టి నెట్ నడిపే ఒకరు ఉంటారు. ఆయన పిలిస్తేనే మాట్లాడాలి. ప్రాణాపాయం కబుర్లు ముందు, సహాయ సామగ్రి తర్వాత, "మావాడు క్షేమమేనా" అన్నవి ఆ తర్వాత.

ఒక ఉదాహరణ చూడండి. కొత్తపల్లిలో ఇరవై మందికి ఇన్సులిన్ కావాలన్న కబురు పంపాలి. మన రాష్ట్రాల్లో కొత్తపల్లులెన్నో, రామాపురాలెన్నో లెక్కలేదు. మండలం, జిల్లా చెప్పకపోతే మందు వేరే ఊరికి పోతుంది. పేరుని అక్షరం అక్షరంగా విడదీసి చెప్పాలి: కిలో, ఆస్కార్, టాంగో, హోటల్, ఆల్ఫా, పాపా, ఆల్ఫా, లిమా, లిమా, ఇండియా. ఇక అంకె. గరగరలాడే సిగ్నల్‌లో ఇరవై, అరవై ఒకేలా వినబడతాయి. అందుకని "ఇరవై, రెండు సున్నా" అని అంకెలు విడిగా పలకాలి. అవతలివాళ్లు మొత్తం తిరిగి చదివి వినిపించాక, టైము వేసి, కాగితం మీద రాసుకుని దాచాలి. రాయకుండా పంపిన కబురు ఎవరు పంపారో, ఎప్పుడు పంపారో సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మామూలుగా హామ్ మీద ఇతరుల తరఫున కబుర్లు పంపకూడదు. ప్రకృతి విపత్తులో మామూలు టెలికాం పడిపోయినప్పుడు నిబంధనలు వీలు కల్పిస్తాయి, కానీ అవి కలెక్టరు లాంటి అధికారుల నుంచి వచ్చేవీ, వాళ్లకి చేరేవీ అయి ఉండాలి. అంటే మీ జిల్లా విపత్తు నిర్వహణ విభాగానికి మీరెవరో, ఏ ఫ్రీక్వెన్సీలో ఉంటారో, మీ యాంటెన్నా ఎక్కడుందో తుఫాను రాకముందే తెలిసి ఉండాలి. ఒక్కరుగా వెళ్లి కార్డు ఇచ్చి రావడం కంటే, జిల్లాలో ఉన్న నలుగురైదుగురు హామ్‌లు కలిసి ఒక మాక్ డ్రిల్‌లో కంట్రోల్ రూము దగ్గర స్టేషన్ పెట్టి చూపిస్తే అధికారులు గుర్తుంచుకుంటారు.

వినడం అలవాటు చేసుకోవడానికి లైసెన్సు కూడా అక్కర్లేదు. ఇంటర్నెట్‌లో వెబ్ ఎస్‌డీఆర్‌ల ద్వారా, అంటే ఎక్కడో ఉన్న రిసీవర్లని బ్రౌజరులోంచి తిప్పుతూ, నలభై మీటర్ల బ్యాండు ఉచితంగా వినొచ్చు. హైదరాబాద్ హామ్‌లు నడిపే చార్మినార్ నెట్ లాంటివి కొన్నాళ్లు వింటే, ఎవరు ఎలా పిలుస్తారో, ఎప్పుడు ఆగుతారో చెవికెక్కుతుంది. మన ప్రాంతానికి ఐఏఆర్‌యూ అనే అంతర్జాతీయ హామ్ సమాఖ్య సూచించిన ఎమర్జెన్సీ ఫ్రీక్వెన్సీల్లో 7.110, 14.300 మెగాహెర్ట్జ్ ఉన్నాయి, వాటిని సెట్టు మెమరీలో వేసి పెట్టుకోండి. లైసెన్సు వచ్చాక నెలకో ఆదివారం మెయిన్ స్విచ్ ఆపేసి బ్యాటరీ మీదే రెండు గంటలు నెట్‌లో కూర్చోండి. తుప్పు పట్టిన కనెక్టరు, ఎలుక కొరికిన కేబులు ఆ ఆదివారమే బయటపడతాయి.

చివరిగా టైము లెక్క. పాసయ్యాక లైసెన్సు చేతికి రావడానికి పోలీసు వెరిఫికేషన్, హోంశాఖ క్లియరెన్సు దాటాలి, నెలలు పడుతుంది. మన తీరానికి పెద్ద తుఫానులు ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య. సంక్రాంతికి పుస్తకం తెరిచి వేసవిలోపు పరీక్ష రాస్తే ఆ ఏడాది తుఫానులకి అందుకునే అవకాశం ఉంది. దసరా సెలవుల్లో మొదలుపెడితే మాత్రం వచ్చే ఏడాదికే. ఆధార్‌లో చిరునామా, మీరు నిజంగా ఉంటున్న చిరునామా ఒకటేనో కాదో దరఖాస్తుకి ముందే చూసుకోండి, వెరిఫికేషన్ ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే.